మూడు కొట్టి ఆగేది

రోజు 203

తవుడు రెండు గిన్నెలు. తడిపిన గోనెలు పదకొండు. చచ్చినవి ఆరు. పాడుతున్నవి లెక్కకందనన్ని.

ఇది దిగుడు అరవై ఒకటో ఏడు. అంటే మా తాతలు ఎండకు ఓడిపోయి ఈ పాత బొగ్గుబావిలోకి దిగి అరవై ఏళ్ళు దాటింది. తొమ్మిదో లెవల్ వినికిడి మేస్త్రిగా నేను రోజూ రాసేది పైనున్న ఆ నాలుగు ముక్కలే. సర్దారు మొండయ్య అంతకు మించి చదవడు, సంతకం పెట్టే చోటు కనబడితే చాలు ఆయనకు. కానీ ఇవాళ ఒకటి జరిగింది, దాన్ని ఏ గడిలో రాయాలో తెలియడం లేదు.

కప్పుకు ఊతంగా నిలబెట్టిన దుంగల్లో పద్నాలుగోదాని దగ్గర పడుకునే మా అక్క లసుమమ్మ, ఆమె పక్క చాపల మీది ఇద్దరు, తల పగిలిపోతోందంటూ లేచి వాంతులు చేసుకున్నారు. ముగ్గురికీ పెదవులు నల్లబడ్డాయి.

అది కుళ్ళుగాలి పని. దానికి రంగు లేదు, వాసన లేదు, బరువు మాత్రం ఉంది. పైన ఫ్యాను కాస్త మందగిస్తే చాలు, కింది లెవల్లో నేల మీద మోకాలెత్తు పేరుకుంటుంది. మేం పడుకునేది నేల మీద. అయినా ఇన్నేళ్ళూ తొమ్మిదో లెవల్లో ఒక్కరూ దానివల్ల చావలేదంటే, నేల పగుళ్ళలో ఉండే కీచురాళ్ళ పుణ్యం. గాలి బాగుంటే పాడతాయి. చెడితే అన్నిటికంటే ముందు వాటి నోళ్ళు మూతపడతాయి. ఇక్కడ పుట్టిన పిల్లకు తల్లి పేరు కంటే ముందు నేర్పే మాట, పాట ఆగితే లే. నూట అరవై మంది ఆ రొదలో హాయిగా పడుకుంటారు. అది ఆగిందంటే నిద్రలోనే లేచి, చాప కూడా చుట్టకుండా ఏటవాలు దారి ఎక్కిపోతారు. పాట మళ్ళీ మొదలైతే దిగొచ్చి పడుకుంటారు.

"పాట ఆగినప్పుడు లేవలేదా?" అని అక్కను అడిగాను.

"ఏడాగింది పిల్లా! చెవులు గింగురుమనేటట్టు పాడినయ్. నాకే జొన్నగటక అరగలేదో ఏమో," అంది.

ముగ్గురికీ ఒకేసారి అరగలేదట.

రోజు 204

నేల మీద బోర్లా పడుకుని, చెవి పగులుకు ఆనించి గంటసేపు విన్నాను. నేలలోంచి పాట రావడం లేదు. గోడ మీంచి వస్తోంది. తలదీపం తిప్పి చూస్తే నా రొమ్మెత్తున గోడకు అతుక్కుని బారులు తీరి ఉన్నాయి. నేలకు దిగుతాయి, తవుడు తింటాయి, గాలి కాస్త బరువెక్కగానే గోడెక్కి అక్కడినుంచి కచేరీ మొదలుపెడతాయి. నేల మీద మనుషులు ఊపిరాడక గిలగిల్లాడినా వాటికి ఏ లోటూ లేదు.

పాట లెక్కపెట్టాను. నాలుగు కొట్టి ఆగింది ఒకటి. ఆరు కొట్టింది ఇంకొకటి. ఒకటైతే తొమ్మిదిదాకా పోయింది. మూడు కొట్టి ఆగింది ఒక్కటీ లేదు.

నేల పురుగు పాట ఎప్పుడూ మూడు కొట్టి ఆగేదే. ఇది ఎవరు చేసిన పనో నాకు తెలుసు.

రెండేళ్ళ కిందట తెల్లబూజు తెగులు వచ్చి ఈ లెవల్లో పాట పూర్తిగా పోయింది. జనం నెలరోజులు ఐదో లెవల్లో ఒకరి మీద ఒకరు పడుకున్నారు. నేను శిక్షణ పాసై మేస్త్రినైన కొత్త. ఐదో లెవల్ కప్పుకు ఆన్చిన దుంగల సందుల్లో పాడుతున్నవాటిని మూడు వందలు పట్టి కిందికి తెచ్చి వదిలాను. నాకు ముందు నలభై ఏళ్ళు ఈ పని చేసిన గట్టవ్వ అడ్డం పడింది. అక్షరం ముక్క రాని మనిషి.

"బిడ్డా, అవి ఇలకోళ్ళు గావు. కీచురాళ్ళు," అంది.

నేను నవ్వాను. ఇలకోడి అన్నా కీచురాయి అన్నా ఒకటేనని, ఆమెది పాత మాట, నాది పుస్తకం మాట అని చెప్పాను. రిజిస్టరులో ఉన్నది ఒకే గడి. "కీచురాళ్ళు: సంఖ్య." రెండో గడి లేదు కాబట్టి రెండో పురుగు కూడా లేదు, అదీ నా తెలివి. నేలది మూడు కొట్టి ఆగుతుంది, కప్పుది ఆగకుండా లాగుతుంది కదా అని అవ్వ అడిగితే, కప్పు దగ్గర వేడెక్కువ, వేడికి ఏ పురుగైనా వేగంగా పాడుతుంది, ఇది రెండో పాఠంలోనే ఉందన్నాను. చివరికి మిగిలినవాటిలో రెండు నేలవాటిని, రెండు కప్పువాటిని ఒకే సీసాలో వేసి, పిల్లలు పుట్టాక తీసుకెళ్ళి చూపించాను. పిల్లలు పుడితే ఒకే జాతి. ఇది ఐదో పాఠం.

"సీసలేస్తె గతిలేక కలుస్తయ్ బిడ్డా. బయట ఒకదాని మొకం ఒకటి సూడవు," అంది అవ్వ.

ఇల అంటే నేల. అది బతికే చోటు దాని పేరులోనే ఉంది. నాకు చదువొచ్చు కాబట్టి ఆ మాట అక్కర్లేకపోయింది. తెగులుకు తప్పించుకున్న కొద్దిపాటి ఇలకోళ్ళు తమవాటిలో తోడు దొరక్క నా మూడు వందలతో కలిశాయి. ఇప్పుడు గోడల మీదున్నవి ఆ సంతానం. నేలలో కాపురం, గోడ మీద కచేరీ.

ఇవాళ అవ్వ దగ్గరికి పోయి చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎన్ని మిగిలినయో ఎతుకుదాం పా," అని కర్ర అందుకుంది.

రోజు 208

నాలుగు రోజులు వెతికాం. మూసేసిన పాత సొరంగంలో, నీళ్ళు కారే చోట, అవ్వ చెయ్యెత్తి నిలబడిపోయింది. డెబ్భై ఎనిమిదేళ్ళ చెవులు నాకంటే ముందు విన్నాయి. క్రీ, క్రీ, క్రీ. ఆగింది. క్రీ, క్రీ, క్రీ. ఆగింది.

రెండు దొరికాయి, రెండూ మగవే. ఒకదానికి కాలు విరిగి ఉంది, పొద్దుటికి చచ్చింది. మిగిలినదాన్ని అవ్వ "పిలగాడు" అంటోంది. నాకూ అదే నోటికి పట్టుకుంది.

బావి నీళ్ళు చేరే సంపు దగ్గర లోతుగుంట ఉంది. ఫ్యాను ఎంత తిరిగినా దాని అడుగున కుళ్ళుగాలి ఉంటుంది. రెండు జాలీ బుట్టల్లో పిలగాణ్ణి ఒకదాంట్లో, గోడ మీది కలగాపులగాన్ని ఒకదాంట్లో పెట్టి గట్టున ఉంచాం. ఇద్దరూ సర్దుకుని పాట అందుకున్నాక తాడుతో మెల్లగా దింపాను. మూరెడు దిగాడో లేదో పిలగాడు నోరు మూశాడు. రెండోది బుట్ట పైకప్పుకు ఎగబాకి, నేను చెయ్యి నొప్పిపుట్టి పైకి లాగేదాకా పాడుతూనే ఉంది.

పైకి లాగిన కాసేపటికి పిలగాడు మళ్ళీ మూడు కొట్టాడు. నాకు ఏడుపొచ్చింది. అవ్వ చూడనట్టు తల తిప్పుకుంది.

రోజు 209

సర్దారు మొండయ్యతో రెండు గంటలు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, ఈయనకు పేరులోనే ఉంది. కానీ రాయాలి కాబట్టి రాస్తున్నాను, ఇవాళ ఆయన మాటలో తప్పు పట్టలేకపోయాను.

"తొమ్మిదో లెవల్ ఖాళీ చేయించు సర్దారూ. ఆ పాట అబద్ధం."

"చేయించి ఏడికి తోలాలె చెల్లె? ఐదో లెవల్ల గిప్పుడు నలభై మూడు డిగ్రీలు. పోయిన ఎండకాలం ముసలోళ్ళను పైన పండబెడితె ఏమైందో నీకెరుకనేగదా."

పదకొండు మంది పోయారు. నాకు ఎరుకే.

"మీటర్లు లేవాయె. దీపం ముట్టించి గాలి సూద్దామంటె బాయిల నిప్పు బందాయె. ఉన్నదల్లా గా పురుగులే. అవి అబద్ధమాడుతున్నయని నేను చెప్తె, నూట అరవై మంది ఒక్కపాలి ఏటవాలు ఎక్కుతరు. తొక్కిసలాటల సగం, ఎండకు సగం." ఆయన నుదురు తుడుచుకున్నాడు. "అసలువి మల్ల పెంచగలవా?"

"ఆడది దొరికితే."

"ఇరవై రోజులు తీసుకో. గందాక ఎవ్వరికీ చెప్పకు. మీ అక్కక్కూడ."

ఒప్పుకున్నాను.

రోజు 213

చిక్కేమిటంటే ఆడది పాడదు. మగవాటిని చెవితో పట్టొచ్చు. ఆడవాటిలో ఇలకోడి ఏదో, కలిసినది ఏదో కంటికి తెలియదు, అన్నీ ఒకే అచ్చు. అది ఎవరి పాటకు నడిచి వెళుతుందో చూడాలి. అదొక్కటే దాని ఊరూ పేరూ.

నీళ్ళ గొట్టాలు కలిపే టీ ముక్క ఒకటి సంపాదించాను. ఒక మూతి దగ్గర పిలగాడి సీసా, ఇంకో మూతి దగ్గర గోడ పాటగాడి సీసా. మూడో మూతిలోంచి ఆడదాన్ని వదిలి, ఎటు తిరుగుతుందో చూడడం. పెళ్ళిచూపులు నడిపే పేరయ్యనైపోయానని నేనంటే అవ్వ పళ్ళులేని నోటితో నవ్వింది.

ఇవాళ ఇరవై రెండింటిని వదిలాను. పందొమ్మిది గోడ పాటకే పోయాయి. మూడు మధ్యలో కూర్చుని మీసాలు దువ్వుకున్నాయి. కలగాపులగం పాటకు పుట్టింది కలగాపులగం పాటనే వెతుక్కుంటుంది. దానికి అదే అమ్మానాన్నల భాష. పిలగాడు ఇటువైపు మూడు కొట్టి ఆగి, మూడు కొట్టి ఆగి, ఎవరూ రాని వాకిట్లో పిలుస్తూనే ఉన్నాడు.

రోజు 219

మొత్తం తొంభై నాలుగు. ఒక్కటీ రాలేదు.

షిఫ్టు దిగాక అక్కకు గంజి పట్టుకెళ్ళాను. బొగ్గుదుమ్ము మింగిన ఊపిరితిత్తులు ఆమెవి, నాలుగడుగులు వేస్తే నిలబడి రొప్పుతుంది. నా గదికి రమ్మని ఐదో లెవల్‌కు తీసుకుపోయాను మొన్న. రెండు పూటలు వేడికి కొలిమితిత్తిలా ఎగపోసి, మూడో పూటకు తనే గోడ పట్టుకుని దిగిపోయింది.

"కనీసం బల్ల వేయిస్తాను, దాని మీద పడుకో అక్కా."

"బల్లమీద నడుము నిలుస్తదానే? నేల సల్లగుంటది. గీ పాట ఇనుకుంట పండుకుంటె నాకు ఏ మందూ అక్కర్లేదు." నా ముఖంలోకి చూసింది. "ఏందే గట్ల చూస్తున్నవ్? ఏమైంది?"

నోటిదాకా వచ్చింది. కానీ మా అక్క నోట్లో నువ్వుగింజ నానదు. షిఫ్టు మారేలోపు లెవలంతా తెలిసిపోతుంది. సర్దారు చెప్పిన తొక్కిసలాట కళ్ళ ముందు కనబడింది.

"ఏం లేదు. గంజిలో ఉప్పు సరిపోయిందా?"

"ఎక్కువైంది. ఎప్పుడు నీకు చెయ్యి ఎక్కువనే," అని పూర్తిగా తాగింది.

రోజు 226

నూట నలభై ఒకటోది.

టీ ముక్క మధ్యలో ఆగింది. గోడ పాట వైపు ఒకసారి మీసాలు చాచి, వెనక్కి తీసుకుంది. పిలగాడు మూడు కొట్టి ఆగాడు. ఆ ఆగినప్పుడే అది కదిలింది. నేరుగా అతని వైపు. నమ్మకం కుదరక సీసాలు అటూ ఇటూ మార్చి మళ్ళీ వదిలాను. మళ్ళీ అతని వైపే. ఏడుసార్లు మార్చాను. ఏడుసార్లూ అంతే.

"చాల్లే, దాన్ని ఎన్నిసార్లు నడిపిస్తవ్? కలుపు," అంది అవ్వ.

కలిపాం. పిలగాడు ఇంతవరకు వినని పాట ఒకటి ఎత్తుకున్నాడు. చాలా సన్నగా, సీసాకు చెవి ఆనిస్తే తప్ప వినపడనంత. అవ్వ, నేను చెరోవైపు చెవి పెట్టి, ఎవరైనా చూస్తే పిచ్చివాళ్ళనుకునేలా చాలాసేపు కూర్చున్నాం. ఇన్ని రోజుల్లో ఇవాళే నాకు ఆకలేసినట్టు ఆకలేసింది.

తడి ఇసుకలో గుడ్లు పెట్టింది. ముప్ఫై ఒకటి. పిల్లలు లేచి, రెక్కలొచ్చి, మగవి పాట అందుకోవడానికి డెబ్భై రోజులు పైనే. సర్దారుకు చెప్పాను. గడువు పెంచుతానన్నాడు. పిలగాడి పని ఒకటి అయిపోయింది కాబట్టి రేపటినుంచి అతన్ని తొమ్మిదో లెవల్‌కు దించి, అన్నిటికంటే పల్లంలో, సంపు పక్కన ఇరవయ్యో దుంగ దగ్గర పెడతాను. జనం పడుకున్నప్పుడు నేను పక్కనే కూర్చుని వింటాను. అబద్ధాలు చెప్పే నాలుగు వందల మధ్య నిజం చెప్పేది ఒక్కటి. దాని మౌనం నాకు తప్ప ఎవరికీ వినపడదు. అయినా ఏమీ లేనిదానికంటే నయం.

రోజు 232

మూడు రోజులు రాయలేదు. ఇప్పుడు వరుసగా రాస్తాను.

229వ రోజు, మొదటి షిఫ్టు. పైన దుమ్ముగాలి లేచి ఫ్యాను నడిపే సూర్యఫలకాలు కప్పబడిపోయాయని తర్వాత తెలిసింది. నాకు తెలిసింది, అరికాళ్ళ కింద ఎప్పుడూ ఉండే ఫ్యాను అదురు లేకపోవడం. లెవల్లో ఎనభై మంది నిద్రలో ఉన్నారు. పిలగాడి బుట్ట నేల మీద, నా చెవి దాని పక్కన. మూడు. మూడు. మూడు. రెండు.

వేచి చూశాను. మూడోది రాలేదు. చుట్టూ గోడల మీద నాలుగు వందలూ ఊపిరి తీసుకోకుండా పాడుతున్నాయి. లేవబోతే కళ్ళు తిరిగాయి.

అరిచాను. దుంగ దుంగకూ పోయి చాపలు లాగాను. పద్నాలుగో దుంగ దగ్గర అక్కను భుజాలు పట్టి లేపి కూర్చోబెట్టాను. "లే అక్కా, ఎక్కు, ఆగకు," అన్నాను.

"పాట ఆగలేదు గదే," అంది నిద్రమత్తులో.

అందరిదీ అదే మాట. కళ్ళు నులుముకుని, చెవులు రిక్కించి, నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసి మళ్ళీ ఒరిగిపోతున్నారు. వాళ్ళ తప్పేముంది. పుట్టినప్పటినుంచి వాళ్ళకు నేర్పింది అదే.

అప్పుడు, ఈ బావిలో ఎవరూ చేయకూడని పని చేశాను. పనిముట్ల గూట్లోంచి సుత్తి తీసుకుని ఒకప్పుడు బొగ్గు టబ్బులు నడిచిన ఇనప పట్టా మీద కొట్టాను. నేల అదిరితే ఏ కీచురాయైనా కాసేపు నోరు మూస్తుంది. అందుకే పడుకునే లెవల్లో పట్టాను ముట్టుకోవడం దోషం. నాలుగైదు దెబ్బలు. గోడలన్నీ ఒక్కసారిగా మూగబోయాయి.

ఆ నిశ్శబ్దం నా అరుపులు చేయలేని పని చేసింది. ఎనభై మంది ఒక్కసారి లేచారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. చాపలు వదిలి ఏటవాలు వైపు పరుగు. అక్క కూడా లేచి నిలబడింది, నేను చూశాను. గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. నేను ఆమెను దాటి ముందుకు పోయాను, ఏటవాలు మొదట్లో ముసలివాళ్ళు పడిపోతుంటే లేపడానికి.

నా లెక్క తప్పింది ఇక్కడే. అదురు ఆగిన రెండు నిమిషాలకు గోడల మీదివి మళ్ళీ అందుకున్నాయి.

పాట వస్తే దిగి వచ్చి పడుకోవాలి. అదీ మేం నేర్పిందే. ఏటవాలు సగం ఎక్కినవాళ్ళు నిలబడిపోయారు, వెనక్కి తిరిగారు. "గాలి సాఫైంది," అన్నారెవరో. నేను సుత్తి అడ్డంపెట్టి దారి మూసి, ఇరవై రోజులుగా దాచిందంతా వాళ్ళ ముఖాల మీద అరిచాను. అవి ఇలకోళ్ళు కావనీ, కలిపింది నేనేననీ, ఆ పాట అబద్ధమనీ. సర్దారు పైనుంచి పరిగెత్తుకొచ్చి నా పక్కన నిలబడి, "ఆమె చెప్పేది నిజం, ఒక్కలు గూడ దిగొద్దు," అన్నాడు. అప్పుడు నమ్మారు. డెబ్భై అయిదు మందిని ఎక్కించాం.

ఎనభై కావాలి.

ఫ్యాను పూర్తిగా ఆగింది కాబట్టి కుళ్ళుగాలి అప్పటికే తలెత్తు పేరుకుంది. ఊపిరి బిగబట్టి దిగాను, సర్దారు నా నడుముకు తాడు కట్టాడు. నలుగురు దారిలోనే, వెనక్కి నడుస్తూ పడిపోయినవాళ్ళు. అక్క దారిలో లేదు. పద్నాలుగో దుంగ దగ్గర, తన చాప మీద, దుప్పటి గొంతుదాకా కప్పుకుని పక్కకు తిరిగి పడుకుని ఉంది. రొప్పుతూ పది గజాలు నడిచి ఉంటుంది. పాట వినపడి ఉంటుంది. పైకి ఎక్కడం కంటే వెనక్కి రావడం దగ్గర. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె తల పైన గోడ మీద ఒకటి నాలుగు కొట్టి, ఆరు కొట్టి, పాడుతూనే ఉంది.

నేను చెప్పి ఉంటే ఆమె వెనక్కి తిరిగేది కాదు. లెవలంతా తెలిసినా, తొక్కిసలాట జరిగినా, ఆమెకు తెలిసి ఉండేది. దీన్ని ఎన్ని రకాలుగా రాసినా ఇదే మిగులుతోంది.

పిలగాడు ఇరవయ్యో దుంగ దగ్గర బుట్టలో చచ్చి ఉన్నాడు. అతన్ని తెచ్చుకోవాలన్న ధ్యాసే నాకు రాలేదు.

రోజు 233

పైనుంచి ఎండకు మరిగిన నీళ్ళు బిందెల్లో తెచ్చి గోడలన్నీ కడిగారు. ఎవరూ పురమాయించలేదు. చనిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళే ముందు పోశారు. నేనూ పోశాను. సాయంత్రానికి తొమ్మిదో లెవల్లో పాట లేదు.

"నువ్వు ముందే చెప్పినవ్. నేనే వద్దన్న," అన్నాడు సర్దారు. మంచి మాటే. నాకు ఏ పనికీ రాలేదు.

గుడ్లు పెట్టిన ఆడది కూడా సీసాలోనే చచ్చిపోయింది. గుడ్ల ఇసుకను అవ్వ తన పక్కలో పెట్టుకుని పడుకుంటోంది.

రోజు 240

ఐదో లెవల్లో వేడికి ఇద్దరు పోయారు. నిన్నటినుంచి ఒక్కొక్కరే చాప చంకన పెట్టుకుని తొమ్మిదో లెవల్‌కు దిగుతున్నారు. ఎవరు ఆపుతారు? ఫ్యాను తిరుగుతోంది, చల్లగా ఉంది, కానీ ఒక్కరికీ కన్ను మూతపడడం లేదు. అరవై ఏళ్ళుగా నిశ్శబ్దమంటే చావు వీళ్ళకు. కూర్చుని గోడలను చూస్తున్నారు.

అవ్వ నన్ను పిలిచింది.

"ఇలకోడి ఏం జేసేది బిడ్డా? అందరికంటె పల్లంల కూసునేది. గాలి మంచిగున్నన్ని రోజులు మూడు కొట్టేది. అంతేగదా?"

"అంతే."

"మనం గూడ కూసోవచ్చు."

సర్దారుకు చెప్పాను. తర్వాత తనే లెవల్ మధ్యలో నిలబడి కొత్త నియమం చెప్పాడు. పల్లంలో కూర్చున్న మనిషి మూడు కొట్టడం ఆపితే లేవాలి. ఆ మనిషిని తీయడానికి ఎవరూ రాకూడదు, ముందు ఎక్కాలి. మొదటి షిఫ్టు నాది, రెండోది అవ్వది, మూడో షిఫ్టుకు దారిలో చనిపోయిన నలుగురిలో ఒకరి భార్య తనే పేరిచ్చింది.

ఇసుకలో నిన్న పిల్లలు లేచాయి. ఆవగింజంత ఉన్నాయి, ఇరవై ఆరు. తల్లి ఏడుసార్లు పిలగాడి వైపు నడిచింది నిజమే. కానీ ఆమె అసలుదేనా, లేక అందులోనూ కప్పువాటి రక్తం చారెడు ఉందా, నేను చెప్పలేను. వీటికి రెక్కలొచ్చి మగవి నోరు తెరిచినప్పుడే తెలుస్తుంది. మూడు కొడితే సరే. నాలుగు కొడితే ఇంక వెతకడానికి పిలగాడు లేడు. అవ్వను అడిగాను, ఏమనిపిస్తోందని. ఇసుక మీద ఇంకాస్త నీళ్ళు చిలకరించింది.

ఇది సంపు పక్కన, ఇరవయ్యో దుంగ దగ్గర కూర్చుని ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేతిలో గరిటె ఉంది, ఒళ్ళో సత్తుపళ్ళెం. మూడు కొట్టి ఆగుతాను. ఆగిన ప్రతిసారీ లెవల్ పొడవునా చాపలు కదులుతాయి, ఎవరో ఒకరు మోచేతి మీద లేచి ఇటు చూస్తారు. మళ్ళీ కొట్టేదాకా తల దించరు.